గోరింటాకు లేని వేలు

అప్పాజీని సాయంత్రం అయిదింటికి మేజిస్ట్రేటు ముందు నిలబెడతారని కబురు. ఉమాశ్రీ స్టేషన్ మెట్లెక్కేసరికి గోడ గడియారంలో ఒంటిగంటా పది. ఈలోగా ఏదో ఒకటి తేల్చకపోతే ఆ మనిషి జైలుకి పోతాడు. కట్టుకున్న భార్యని చంపినవాడనే పేరుతో పోతాడు.

ఉమాశ్రీ పదిహేడేళ్ళు ఇన్సూరెన్స్ కంపెనీలో చావు క్లెయిములు తనిఖీ చేసి, విసుగొచ్చి, రాజమండ్రిలో సొంతంగా డిటెక్టివ్ బోర్డు తగిలించుకున్న మనిషి. పోలీసులకి ఆమె అంటే పెద్దగా పడదు. సీఐ సత్యప్రసాద్‌కి అసలు పడదు. రెండేళ్ళ కిందట అతను ఆత్మహత్య అని మూసేసిన ఫైలుని ఆమె హత్యగా తేల్చి తెరిపించింది. అప్పట్నుంచీ ఆమె కనిపిస్తే చాలు, అతని ముఖం కాకరకాయ నమిలినట్టు అయిపోతుంది.

కేసు పైకి చూస్తే సులువే. అప్పాజీ భార్య వీరమ్మకి యాభై రెండేళ్ళు. కిడ్నీలు పాడైపోయి మూడేళ్ళుగా మంగళవారం, శుక్రవారం డయాలిసిస్ చేయించుకునేది. మొన్న శనివారం, జూలై ఇరవై ఆరున, పొద్దున్న ఆరూ ఇరవైకి ఆస్పత్రికి తెచ్చారు. ఆరూ నలభైకి గుండె ఆగిపోయింది. రక్తంలో పొటాషియం ఉండాల్సినదానికి దాదాపు రెట్టింపు ఉంది. ఆ మర్నాడే ‘జీవనాళ కిడ్నీ కేర్’ అనే క్లినిక్ నడిపే డాక్టర్ సూర్యతేజ స్టేషన్‌కి వచ్చి ఫిర్యాదు ఇచ్చాడు. తన మందుతో వీరమ్మ కిడ్నీలో పోయిన సన్నని రక్తనాళాలు మళ్ళీ మొలిచాయనీ, జూలై ఎనిమిదిన ఆమె గోరు దగ్గర తీసిన ఫోటోయే అందుకు రుజువనీ, వద్దన్నా వినకుండా మొగుడు నాటు పసరు పట్టించి ప్రాణం తీశాడనీ రాశాడు.

ఉమాశ్రీకి ఈ పని అప్పగించింది వీరమ్మ అన్నగారు పెద్దిరాజు. చచ్చిపోయింది తన చెల్లెలు, అయినా బావ తరఫున నిలబడ్డాడు. ఆ ఒక్క ముక్కే ఆమెను ఈ కేసులోకి లాగింది.

అప్పాజీ బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. వయసు యాభై అయిదో ఆరో. గడ్డం మాసిపోయింది. ఉమాశ్రీ ఎదురుగా కూర్చుంది.

“ఏడవడానికి తర్వాత చాలా టైముంటుంది. అడిగినదానికి చెప్పండి. పసరు పట్టించారా?”

“లేదండి.”

“మీ పక్కింటి వెంకటదుర్గ చూశానంటోంది. జూలై ఆరు, ఆదివారం, తొలి ఏకాదశి. సాయంత్రం అయిదింటికి మీరు పెరట్లో రోట్లో పచ్చాకు నూరుతున్నారు. ఆవిడ గోడ మీంచి తొంగిచూడగానే రోటి మీద పళ్ళెం బోర్లించేశారు. ఏంటా ఆకు?”

అప్పాజీ తల దించుకున్నాడు.

“రోలుని ల్యాబుకి పంపారు. ఆకు పిప్పి దొరికిందన్నారు. ఏ ఆకో తేలడానికి ఇంకో పది రోజులు పడుతుంది. ఈ పది రోజులూ మీరు లోపలుంటారు. చెప్పండి, ఏం నూరారు?”

“చెప్తే నవ్వుతారండి.”

“నేను నవ్వి చాలా కాలమైంది. చెప్పండి.”

“గోరింటాకండి.”

గుమ్మం దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్ కిసుక్కుమన్నాడు. ఉమాశ్రీ తలతిప్పి చూసేసరికి ఆ నవ్వు కాస్తా దగ్గులోకి మార్చుకున్నాడు.

“ఆషాఢంలో పెట్టుకోకుండా ఉండేది కాదండి మా ఆవిడ,” అప్పాజీ తలెత్తకుండానే చెప్పాడు. “ఈ ఏడు చేతుల్లో సత్తువ లేదు, నూరుకోలేకపోయింది. కోసుకొచ్చి నేనే నూరానండి. పది వేళ్ళకీ నేనే టోపీల్లా పెట్టాను. పొద్దున్న కడిగితే మంచి రంగొచ్చింది. చిన్నపిల్లలా చూసినవాళ్ళందరికీ చూపించుకుంది.”

“మరి సీఐ గారు అడిగినప్పుడు ఈ ముక్క చెప్పొచ్చుగా?”

“ఎలా చెప్పమంటారండి? ఈ వయసులో పెళ్ళానికి గోరింటాకు నూరానంటే వెంకటదుర్గ ఊరంతా టాంటాం వేసేస్తుందని పళ్ళెం బోర్లించాను. ఇక్కడేమో ఆకేంటి ఆకేంటి అని ఆయన బల్ల గుద్దుతుంటే నాకు నోరు పెగల్లేదు. మనిషే పోయింది, ఇంకా ఆ మాట పదిమందిలో పెట్టడం ఎందుకనిపించిందండి.”

సిగ్గుపడి జైలుకి పోయే మగవాణ్ణి ఉమాశ్రీ ఇదే మొదటిసారి చూడటం. ఆమెకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది. కోపమే పైకి చూపించింది.

“సరే. ఎనిమిదో తారీఖు మంగళవారం క్లినిక్‌కి వెళ్ళారు. అంటే గోరింటాకు కడిగింది సోమవారం, వెళ్ళింది ఆ మర్నాడే. అప్పటికి వేళ్ళు ఎర్రగానే ఉన్నాయా?”

“ఆయ్. పండు మిరపకాయల్లా ఉన్నాయండి.”

“ఫోటో తీశారా?”

“ఆవిణ్ణి ఒక్కదాన్నే లోపలికి తీసుకెళ్ళారండి. అంతకుముందు రెండుసార్లు అరగంట పట్టింది. ఆ రోజు మాత్రం అయిదు నిమిషాల్లో బయటికొచ్చేసింది. తర్వాత డాక్టరు గారు నన్ను పిలిచి టీవీలో ఫోటో చూపించారండి. సన్న రక్తనాళాలు మళ్ళీ మొలిచాయి, ఇంక డయాలిసిస్ మానేయండి, పథ్యం కూడా లేదు, ఏం అడిగితే అది పెట్టండి అన్నారు.”

“ఏం అడిగింది?”

అప్పాజీ ముఖంలో మొదటిసారి చిన్న వెలుగు కనిపించింది.

“కొబ్బరి బొండమండి. మూడేళ్ళుగా చుక్క తాగనివ్వలేదు పాపం. పెరట్లో పది చెట్లున్నాయి, వాటికేసి చూస్తా కూర్చునేది. ఆ రోజు నుంచీ పొద్దున్నొకటి, సాయంత్రమొకటి. మా చెట్టువే. నేనే దింపించానండి.”

రాసుకుంటున్న ఉమాశ్రీ పెన్ను ఆగిపోయింది.

కిడ్నీలు పనిచెయ్యని మనిషికి కొబ్బరినీళ్ళు ఎందుకు వద్దంటారో ఆమెకు తెలుసు. ఆ నీళ్ళలో ఉండే పొటాషియం ఒంట్లోంచి బయటికి పోయే దారి ఉండదు. డయాలిసిస్ కూడా మానేస్తే రోజురోజుకీ పేరుకుని, కాళ్ళూ చేతులూ పడేసి, చివరికి గుండెనే ఆపేస్తుంది. పద్ధెనిమిది రోజుల పాటు, రోజుకి రెండేసి బొండాలు, ప్రేమగా చెక్కి, దగ్గర కూర్చుని తాగించాడు ఈ మనిషి. ఆ సంగతి అతనికి తెలీదు.

“ఆ బొండాల సంగతి నేను చెప్పేదాకా ఇంకెవరితోనూ అనకండి,” అని మాత్రం అని లేచింది.

“తప్పేమైనా చేశానాండి?”

ఆమె సంచి తీసుకుని బయటికొచ్చింది.

* * *

ఆటోలో ఉండగానే డాక్టర్ కామేశానికి ఫోన్ చేసింది. మెడికల్ కాలేజీలో ముప్ఫై ఏళ్ళు పాథాలజీ చెప్పి రిటైరైన మనిషి. పోస్టుమార్టంలో తీసిన వీరమ్మ కిడ్నీ ముక్క స్లైడుని లాయరు ద్వారా ఆయన చేతికి చేర్చి రెండు రోజులైంది.

“ఉమా, కాలువ నిండా నీళ్ళున్నా చేలోకి పారే బోదెలు పూడిపోతే చేనేమవుతుంది?”

“ఎండిపోతుంది.”

“కిడ్నీ కూడా అంతే. పెద్ద రక్తనాళాలు కాలువలు. వాటి చివర వెంట్రుక కన్నా సన్నని నాళాలుంటాయి, అవి బోదెలు. షుగరూ బీపీ పట్టి పీడిస్తే ముందు అవే ఒక్కొక్కటీ మాయమైపోతాయి. వాటి చోట మచ్చ కడుతుంది. రంగు వేసి చూస్తే మంచి కిడ్నీలో ఎటు చూసినా గోధుమరంగు గీతలు కనిపిస్తాయి. ఈవిడ స్లైడులో గంటసేపు వెతికితే నాలుగు దొరికాయి.”

“పసరు తాగితే ఇరవై రోజుల్లో ఇలా అవుతుందా?”

“పసరు తాగితే కొత్త దెబ్బ కనిపిస్తుంది. వాపు ఉంటుంది, కణాలు చచ్చి రాలిపోతాయి. ఇది పాత మచ్చ, ఏళ్ళ తరబడి గట్టిపడింది. జూలై ఎనిమిదిన ఈ కిడ్నీలో నాళాలు మొలిచాయని ఎవడన్నా అంటే వాడు గుడ్డివాడైనా అయ్యుండాలి, దొంగైనా అయ్యుండాలి.”

“గోరు దగ్గర ఫోటో తీసి చెప్పడం బూటకమేనా?”

“కాదు కాదు. పరీక్ష మంచిదే. గోరు మొదట్లో చర్మం పలచగా ఉంటుంది. నూనె చుక్క వేసి భూతద్దంలో చూస్తే సన్న నాళాలు తలపిన్నుల్లా వరసగా కనిపిస్తాయి. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్ళకి అక్కడ కూడా పలచబడతాయి. కానీ చర్మం శుభ్రంగా ఉండాలి. గోళ్ళరంగు ఉన్నా కష్టమే.”

“గోరింటాకు ఉంటే?”

“పరీక్ష చెయ్యడమే దండగ,” అన్నాడు కామేశం.

* * *

జీవనాళ క్లినిక్‌లో డాక్టరు లేడు. కోరుకొండ గుడికి వెళ్ళారని రిసెప్షన్‌లో చెప్పారు. ఉమాశ్రీ వచ్చిందని ఆయనకి వెంటనే ఫోన్ కూడా వెళ్ళింది. ఆమె వినీ విననట్టు ఊరుకుంది. రెండూ ఇరవై అయిదు అయింది.

గోడ నిండా నయమైపోయిన రోగుల ఫోటోలున్నాయి. అందరూ నవ్వుతున్నారు. పై వరసలో మూడో ఫోటో వీరమ్మది. రెండు చేతులూ ముందుకు చాపి, ఎర్రటి వేళ్ళు విప్పి చూపిస్తూ నవ్వుతోంది. ఆ ఫోటో కింద తారీఖు జూలై ఎనిమిది. నేరం చేసినవాళ్ళు రుజువులు దాచుకుంటారు. ఇక్కడేమో ఫ్రేమ్ కట్టించి మరీ తగిలించారు. ఉమాశ్రీ ఫోన్ తీసి రెండు ఫోటోలు తీసుకుంది.

లోపల చిన్న ఏసీ గది. మధ్యలో చేతులున్న కుర్చీ, బల్ల మీద మైక్రోస్కోపు, దాని పక్కన స్క్రీను. వేలు కదలకుండా పెట్టడానికి గాడి చెక్కిన తెల్లటి చెక్కముక్క. నూనె సీసా, దూది, స్పిరిట్. బల్ల చివర ఒక రిజిస్టరు. టెక్నీషియన్ హారతి గోడకి ఆనుకుని నిలబడింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. మెడలో నల్లపూసలు, తెల్ల కోటు. చేతులు కోటు జేబుల్లో దాచుకుంది.

“రిజిస్టరు చూడొచ్చా అమ్మా?”

“డాక్టరు గారు లేకుండా చూపించకూడదండి.”

“తెరిచే ఉందిగా, నా కళ్ళు నేను మూసుకోలేను.”

జూలై ఎనిమిది పేజీ తిప్పింది. వరసగా పేర్లు, పక్కన టైములు. పది గంటలకి ఒకరు, పదీ ఇరవై అయిదుకి ఒకరు, పదీ యాభైకి ఒకరు. పదకొండూ పదిహేనుకి వీరమ్మ. తర్వాతి పేరు పదకొండూ ఇరవైకి.

“అందరికీ పాతిక నిమిషాలు, వీరమ్మకి అయిదు నిమిషాలు. ఎందుకు?”

“ఆవిడ... త్వరగా అయిపోయిందండి.”

“నూనె వెయ్యాలి, వేలు వెచ్చబడేదాకా ఆగాలి, నాలుగైదు ఫోటోలు తియ్యాలి. అయిదు నిమిషాల్లో కుర్చీలో సర్దుకుని కూర్చోడమే అవ్వదు.”

ఉమాశ్రీ సంచిలోంచి కాగితం తీసింది. క్లినిక్ వాళ్ళు వీరమ్మకి ఇచ్చిన రిపోర్టు అది, పెద్దిరాజు తెచ్చిచ్చాడు. మధ్యలో పెద్ద ఫోటో ఉంది. లేత రంగు చర్మం కింద తలపిన్నుల్లా పది నాళాలు, ఒత్తుగా, అందంగా వరసకట్టాయి. ఎడం నుంచి మూడోది మాత్రం తనలో తనే మెలిపడి పీటముడిలా ఉంది. ఈ ముడిని ఉమాశ్రీ రెండు రోజులుగా చూస్తూనే ఉంది. వీరమ్మకి అంతకుముందు తీసిన రెండు ఫోటోల్లోనూ నాళాలు నాలుగే ఉన్నాయి. పీటముడి లేదు.

“ఈ ఫోటో తీసేనాటికి ఆవిడ వేలికి రెండు రోజుల గోరింటాకుంది. బయట గోడ మీద చూశాను. మరి ఇందులో చర్మం ఇంత తెల్లగా ఎలా ఉందమ్మా? గోరు అంచు చూడు, అద్దంలా ఉంది.”

“స్పిరిట్‌తో తుడిచామండి.”

“గోరింటాకు స్పిరిట్‌తో పోతుందా? నువ్వు కూడా పెట్టుకునేదానివేగా. ఏదీ, చేతులు బయట పెట్టు.”

హారతి కదల్లేదు.

“చేతులు బయట పెట్టమ్మా,” ఉమాశ్రీ గొంతు తగ్గించి అంది.

మెల్లిగా రెండు చేతులూ బయటికొచ్చాయి. ఆషాఢం వెళ్ళి వారమైనా గోళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. తొమ్మిది గోళ్ళు. ఎడమచేతి ఉంగరపు వేలు మాత్రం బోసిగా ఉంది.

ఉమాశ్రీ చావు కాగితాలు ఎన్నో చూసిన మనిషే. అయినా ఆ తెల్లటి వేలిని చూస్తే భయం వేసింది.

“ఆ వేలు ఎందుకు వదిలేశావు? మీ అత్తగారు అడగలేదా?”

“అడిగారండి. డాక్టరు గారు పెట్టుకోవద్దన్నారని చెప్పాను.”

“ఆ కుర్చీలో కూర్చుని వేలు గాడిలో పెట్టు.”

“మేడమ్, నాకు ఇద్దరు పిల్లలండి.”

“వీరమ్మకీ మొగుడున్నాడు. ఇప్పుడు లాకప్‌లో ఉన్నాడు. కూర్చో.”

హారతి కూర్చుంది. తన చేత్తో తనే నూనె చుక్క వేసుకుంది. రోజూ చేసే పనే కదా, చుక్క సరిగ్గా గోరు మొదట్లోనే పడింది. స్క్రీను మీద ముందు అంతా మసకగా కనిపించింది. మరను కొంచెం తిప్పేసరికి తేటపడింది. పది నాళాలు, ఒత్తుగా, ఆరోగ్యంగా. ఎడం నుంచి మూడోది పీటముడి.

ఉమాశ్రీ కాగితాన్ని స్క్రీను పక్కన పట్టుకుని చూసింది. వెంట్రుకవాసి తేడా లేదు.

“ఎన్నాళ్ళ నుంచి?”

“ఏడాది నుంచండి,” హారతి ఏడుపు మొదలుపెట్టింది. “మూడో నెల ఫోటోకి చాలామందికి నాళాలు పెరగట్లేదండి. ఇంకా తగ్గుతున్నాయి. పేషెంట్లకి ధైర్యం రావాలి, ధైర్యమే సగం మందు అన్నారు డాక్టరు గారు. నా వేలు పెట్టమన్నారు. డయాలిసిస్ మానెయ్యమంటున్నారని నాకు మొదట తెలీదండి. నిజంగా తెలీదు.”

“తెలిశాక?”

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని సీఐ సత్యప్రసాద్ లోపలికొచ్చాడు. స్క్రీను మూల గడియారంలో మూడూ అయిదు.

* * *

“ఉమాశ్రీ గారూ, ఎవరి పర్మిషన్‌తో వచ్చారండి ఇక్కడికి?”

“కోరుకొండ నుంచి ఫోన్ బాగానే పనిచేస్తున్నట్టుందే సీఐ గారూ.”

“డాక్టరు గారు ఫిర్యాదుదారు. ఆయన స్టాఫుని మీరు బెదిరిస్తున్నారని చెప్పారు. ఈ అమ్మాయి ఏడుస్తోంది. ఇంక వేరే సాక్ష్యం కావాలా నాకు?”

“నా దగ్గర ఇంతకన్నా మంచి సాక్ష్యముంది. మీదే. వెంకటదుర్గ వాంగ్మూలం. తొలి ఏకాదశి నాడు అయిదింటికి అప్పాజీ రోట్లో ఆకు నూరాడని సంతకం పెట్టించారు కదా? అది గోరింటాకు.”

సత్యప్రసాద్ నవ్వాడు. “గోరింటాకా! వాడు చెప్తే మీరు నమ్మేశారా? మిమ్మల్ని తెలివైనవాళ్ళనుకున్నానండి.”

“పోస్టుమార్టం ఫోటోలు చూశారా? పది గోళ్ళూ ఎరుపు.”

“చూశాం. విషం లక్షణమేమోనని రాశాడు మా ఎస్సై.”

“మీ ఎస్సై గారికి ఇంకా పెళ్ళి కాలేదనుకుంటాను. ఆ ఎరుపే బయట గోడ మీద ఫ్రేములో కూడా ఉంది. ఇదిగో రిపోర్టు, అదే రోజుది. ఇందులో ఎరుపు లేదు. ఎందుకంటే ఈ వేలు వీరమ్మది కాదు, హారతిది.”

అతను కాగితం కేసి చూడలేదు కూడా. ఎప్పుడూ ఇంత మొండికెత్తేవాడు కాదు. వాదిస్తాడు, అరుస్తాడు, కానీ కాగితం చూపిస్తే చదువుతాడు. ఇవాళ చదవడానికి కూడా ఇష్టపడటం లేదని ఉమాశ్రీ గమనించింది.

“ఈ క్లినిక్ మీద బురద చల్లుతుంటే వింటూ ఊరుకోను,” అన్నాడు. “వైద్యం పనిచేస్తుందో లేదో నాకు తెలుసు. మీకన్నా బాగా తెలుసు.”

“ఎలా తెలుసు?”

“మా అమ్మ ఇక్కడి పేషెంటేనండి!” గది దద్దరిల్లేలా అరిచాడు. వెంటనే గొంతు తగ్గించుకున్నాడు. “రెండేళ్ళుగా డయాలిసిస్. ఆవిడ చేతులు చూడలేకపోయేవాణ్ణి, సూదులు గుచ్చి గుచ్చి. ఈ క్లినిక్‌లో మూడు నెలలు మందు వాడారు. పోయిన శుక్రవారం ఫోటో తీశారు, ఇరవై అయిదో తారీఖున. కన్నతల్లి విషయంలో నేను గుడ్డిగా నమ్మేస్తాననుకుంటున్నారా? ఇదిగో, నా కళ్ళతో చూసి, నా ఫోన్లో పెట్టుకున్నాను. చూడండి!”

ఫోన్ ఆమె ముఖం ముందు పెట్టాడు.

ఉమాశ్రీ చూసింది. ఇంతసేపూ అతన్ని ఓడించాలని ఉన్న ఉబలాటమంతా ఒక్క క్షణంలో చల్లారిపోయింది. ఇది ఇంకెవరి ఫోన్లోనైనా కనిపిస్తే బాగుండునని మనస్ఫూర్తిగా అనుకుంది.

“కొంచెం పెద్దది చెయ్యండి,” అంది. “ఎడం నుంచి మూడోది.”

అతను వేళ్ళతో పెద్దది చేశాడు.

“ఇప్పుడు ఆ స్క్రీను కేసి చూడండి.”

హారతి వేలు ఇంకా గాడిలోనే ఉంది. తియ్యడం మర్చిపోయినట్టుంది. స్క్రీను మీద పీటముడి. ఫోన్‌లో పీటముడి. సత్యప్రసాద్ ఒకసారి అటు, ఒకసారి ఇటు చూశాడు. మళ్ళీ చూశాడు.

“అమ్మాయ్,” అన్నాడు, “పాపాయి గారని, నరసాపురం ఆవిడ...”

“క్షమించండి సార్,” అంది హారతి.

ఉమాశ్రీ అతని మోచెయ్యి పట్టుకుంది. రెండేళ్ళ వైరంలో అతన్ని ముట్టుకోవడం అదే మొదలు. “డయాలిసిస్ మానేశారా?”

“శుక్రవారం నుంచే.”

“పథ్యం?”

అతను తల్లికి ఫోన్ చేశాడు. స్పీకరు ఆన్ చేశాడు. నాలుగు రింగుల తర్వాత ముసలి గొంతు వినిపించింది. మాట ముద్దముద్దగా ఉంది.

“నువ్వా నాన్నా? పొద్దుట్నుంచీ కాళ్ళు బరువుగా ఉన్నాయిరా. లేవబోతే తూలిపోతున్నాను. ఎండ దెబ్బేమో. వరహాలక్ష్మి బొండం కొడుతోంది, అది తాగితే సర్దుకుంటుంది. పొద్దున్న రెండు తాగాను. తియ్యగా ఉన్నాయిరా నువ్వు పంపినవి.”

“అమ్మా! అది తాగకు! ముట్టుకోకు!”

“ఏంట్రా ఆ అరుపు...”

కత్తి బొండం మీద పడిన చప్పుడు వినిపించింది. తర్వాత ఏదో దబ్బున పడింది. దూరం నుంచి ఇంకో ఆడగొంతు, “పెద్దమ్మగారూ! పెద్దమ్మగారూ!” అని కేకలు పెట్టింది. ఆ తర్వాత లైన్లో గరగర తప్ప ఏమీ లేదు.

“నరసాపురం స్టేషన్‌కి ఫోన్ చెయ్యండి,” ఉమాశ్రీ అతని భుజం కుదిపింది. “జీపులో ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్ళమనండి. అంబులెన్స్ కోసం ఆగొద్దనండి. డయాలిసిస్ పేషెంటు, పొటాషియం పెరిగింది అని చెప్పమనండి. ఆ ఒక్క మాట మర్చిపోవద్దనండి.”

అతను చెప్పాడు. ఆమె అన్నది అన్నట్టుగా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. తర్వాత తన స్టేషన్‌కి ఫోన్ చేసి, “అప్పాజీని కోర్టుకి తీసుకెళ్ళొద్దు. నేనొచ్చేదాకా ఆగండి. కోరుకొండ రోడ్డు మీద డాక్టరు కారు ఆపండి,” అన్నాడు. ఉమాశ్రీ మధ్యాహ్నం నుంచీ ఏ మాట కోసం తిరిగిందో ఆ మాట అదే. ఇప్పుడు విన్నా సంతోషం కలగలేదు.

“ఈ వేలు ఇంకా ఎంతమందికి పెట్టారు?” హారతిని అడిగింది.

“ఈ నెలలో తొమ్మిదిమందికండి. ఫైళ్ళు ఆ సొరుగులో ఉన్నాయి.”

“నంబర్లు చదువు.”

హారతి ఏడుస్తూనే కుర్చీలోంచి లేచి, ఫైళ్ళు తీసి చదవడం మొదలుపెట్టింది. ఉమాశ్రీ మొదటి నంబరు నొక్కి ఫోన్ చెవికి పెట్టుకుంది. మోగుతోంది, ఎవరూ ఎత్తటం లేదు.

సత్యప్రసాద్ ఆ చేతుల కుర్చీలో కూలబడిపోయాడు. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని దానికేసే చూస్తున్నాడు. మూడూ ఇరవై ఎనిమిది. నరసాపురం నుంచి ఇంకా ఏ కబురూ లేదు.

“ఆ అప్పాజీకి తెలుసా?” అని అడిగాడు. “భార్య ఎలా పోయిందో?”

“బొండాలు తాగించానని తెలుసు. దానివల్లే పోయిందని తెలీదు. నేను చెప్పలేకపోయాను.”

అతను తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు.

“మా మావయ్య తోటలోవండి,” అన్నాడు. “అమ్మకిష్టమని ఆదివారం ఒక గెల పంపాను. నేనే దింపించానండి.”